నేటి మేఘసందేశం

ఆకాశంవైపు చూడటం మానవుడు నేర్చుకున్న తొలి విద్యల్లో ఒకటి. అక్షరం పుట్టకముందే అతడు మబ్బును చదివాడు. గాలి వాలును బట్టి, మెరుపు మెరిసిన దిక్కును బట్టి, చీమల బారును బట్టి వాన రాకను ఊహించాడు. నక్షత్రాల పేర్లతో సంవత్సరాన్ని ఇరవైయేడు కార్తెలుగా విభజించుకొని దుక్కికి, విత్తుకు, కోతకు కాలనిర్ణయం చేసుకున్నాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఎండ తీవ్రతను తెలిపితే, మృగశిర ప్రవేశించిన నాటి చల్లదనం తెలుగు పల్లెకు పండుగే అయింది. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘాల గర్భధారణను గురించి, వర్షపాతాన్ని కొలిచే విధానాన్ని గురించి ప్రత్యేకంగా అధ్యాయాలే రచించాడు. కర్షకుని అనుభవం, శాస్త్రజ్ఞుని పరిశీలన, కవి ఊహ – ఈ మూడూ కలిసే చోటు మేఘం.

కవుల మాట వచ్చినప్పుడు ముందుగా స్ఫురించేది కాళిదాసు మేఘసందేశం. రామగిరిపై ప్రవాసదుఃఖం అనుభవిస్తున్న యక్షుడు ఆషాఢ మేఘాన్ని చూచి, అలకాపురిలో ఉన్న తన ప్రియురాలికి దానిచేత సందేశం పంపుతాడు. ఆ రామగిరి నేటి నాగపూరుకు సమీపంలోని రాంటెక్ కొండ అని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఆదిలాబాద్ ఉత్తరపు సరిహద్దుగా ప్రవహించే పెన్‌గంగను దాటి వెళితే ఆ కొండ ఎంతో దూరం కాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, నేటి పెద్దపల్లి జిల్లాలో కూడా అదే పేరుతో రామగిరి ఖిల్లా ఉంది. నైరుతి రుతుపవనం రాంటెక్‌ను చేరేముందు సాధారణంగా గోదావరిని దాటుతుంది. కాబట్టి యక్షుడు చూచిన మబ్బు కరీంనగర్, ఆదిలాబాద్ చేల మీదుగానే వెళ్ళి ఉంటుందని ఊహించుకోవడంలో తప్పులేదు.

ఆ కావ్యంలో మేఘం సందేశాన్ని మోసుకొని పోయింది. నేటి కాలంలో సందేశం మేఘం గురించినదే. ఏ మబ్బు ఎక్కడ పుట్టింది, ఎంత ఎత్తు పెరిగింది, ఎటు కదులుతోంది, దాని కడుపులో పిడుగు ఉందా లేదా అన్న వార్తను మనిషికి అందించడమే నేటి మేఘసందేశం. దాన్ని పంపేది అంతరిక్షంలో తిరిగే ఉపగ్రహం. అందుకోవలసింది చేనులో వంగి పనిచేసే కూలీ. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరం కొలమానానికి అందే కిలోమీటర్ల దూరం మాత్రమే కాదు.

యుగయుగాలుగా మనిషి మేఘాన్ని కింది నుండే చూశాడు. అందువల్ల అతనికి దాని అడుగుభాగమే తెలుసు. కారుచీకటి వంటి ఆ అడుగుభాగానికి పైన ఏముందో చూసే అవకాశం అంతరిక్ష యుగంలోనే కలిగింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో పరిభ్రమిస్తుంది. తొంభై నిమిషాలకు ఒక ప్రదక్షిణం పూర్తిచేస్తుంది. అది వాయవ్యం నుండి ఆగ్నేయంగా సాగిపోయే వేళ, బాసర నుండి అంతర్వేది వరకు ఉన్న దూరాన్ని దాటడానికి దానికి సుమారు ఒక నిమిషం చాలు. బాసర వద్ద తెలంగాణలో అడుగుపెట్టిన గోదావరి, ధర్మపురి, మంథని తీరాలను ఒరుసుకుంటూ, కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకొని, భద్రాచలం దాటి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి, కోనసీమను పెంచి పోషించి, సముద్రంలో కలవడానికి రోజులు పట్టే ప్రయాణం అది.

అంత ఎత్తు నుండి చూసేవారికి ఉరుముల మబ్బు నల్లగా కనిపించదు. సూర్యకాంతిలో వెన్నముద్దలా తెల్లగా మెరుస్తుంది. నిలువుగా పెరిగిన మేఘం వాతావరణపు పై పొరను తాకి ఇక పెరగలేక నలువైపులా పరచుకుంటుంది. అప్పుడు దాని ఆకారం కమ్మరి దాగలిని పోలి ఉంటుంది. కొన్ని సందర్భాల్లో ఆ చదునైన తలమీద చిన్న బుడిపె పైకి పొడుచుకొని వస్తుంది. లోపలి గాలి అత్యంత బలంగా పైకి ఎగదన్నుతున్నదనడానికి అది గుర్తు. రాత్రివేళ ఈ దృశ్యం మరింత అద్భుతం. నేలమీద పట్టణాల దీపాలు స్థిరంగా వెలుగుతుంటే, మబ్బుల లోపల మెరుపులు లాంతరులో దీపం ఎగిసిపడినట్లు వెలిగి ఆరుతుంటాయి.

ఉత్తర తెలంగాణలో ఇటువంటి మేఘాలు పుట్టడానికి తగిన పరిస్థితులు ఏటా ఏర్పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల నేల నిప్పుల కొలిమి అవుతుంది. నేలను అంటిన గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. ఆగ్నేయాన ఉన్న బంగాళాఖాతం నుండి తేమగాలి వచ్చి చేరుతుంది. ఉత్తరం నుండి వచ్చే పొడిగాలి దానికి ఎదురవుతుంది. వార్తల్లో తరచుగా వినిపించే ఉపరితల ద్రోణి విదర్భ నుండి దక్షిణానికి విస్తరించినప్పుడు ఈ గాలుల కలయికకు మార్గం సుగమమవుతుంది. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశంలో మధ్యాహ్నానికి దూదిపింజల వంటి మబ్బులు కనిపిస్తాయి. సాయంత్రానికి వాటిలో కొన్ని 15 కిలోమీటర్లకు మించి ఎదిగి క్యుములోనింబస్ మేఘాలుగా మారుతాయి.

ఆ మేఘగర్భంలో జరిగేది ఒక మహాసంఘర్షణ. పైకి దూసుకుపోయే గాలి నీటి బిందువులను గడ్డకట్టే ఎత్తుకు చేరుస్తుంది. చిన్న మంచు స్ఫటికాలు, వాటికంటె బరువైన మంచు గుళికలు పరస్పరం రాసుకుంటాయి. ఆ రాపిడిలో విద్యుదావేశాలు విడిపోయి, సాధారణంగా మేఘపు పైభాగం ధనావేశాన్ని, కిందిభాగం రుణావేశాన్ని పొందుతాయి. ఈ భేదం గాలి నిలువరించగల హద్దును దాటినప్పుడు మెరుపు పుడుతుంది. అది నేలను తాకితే పిడుగు. మెరుపు నడిచిన దారిలో గాలి క్షణంలో సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఇది సూర్యుని ఉపరితలపు వేడికి ఐదురెట్లు. అలా వేడెక్కిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించడమే ఉరుము. మెరుపు వెంటనే కనిపిస్తుంది. ఉరుము మాత్రం ఒక కిలోమీటరు నడవడానికి దాదాపు మూడు సెకండ్లు తీసుకుంటుంది. ఈ చిన్న లెక్క ప్రాణాలు కాపాడగలదు. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

మేఘాలను పైనుండి గమనించే ప్రయత్నం 1960 ఏప్రిల్ 1న అమెరికా ప్రయోగించిన టైరోస్-1 ఉపగ్రహంతో సార్థకమైంది. భారతదేశానికి 1983లో అందిన ఇన్‌శాట్-1బి వాతావరణ పరిశీలనలో కొత్త అధ్యాయాన్ని ప్రారంభించింది. కేవలం వాతావరణ సేవకోసమే రూపొందిన మెట్‌శాట్‌ను 2002 సెప్టెంబర్ 12న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. మరుసటి సంవత్సరం కొలంబియా ప్రమాదంలో అమరురాలైన కల్పనా చావ్లా స్మృత్యర్థం దానికి కల్పన-1 అని నామకరణం చేశారు. ఆ చివరి యాత్రలో ఆమె సహచరులు చేపట్టిన పరిశోధనల్లో ఉరుముల మబ్బులపైన మెరిసే వెలుగుల చిత్రీకరణ కూడా ఉండటం గమనార్హం. తరువాత 2013లో ఇన్‌శాట్-3డి, 2016లో ఇన్‌శాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్‌శాట్-3డిఎస్ వరుసగా నింగికెగశాయి.

ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లు ఉంటాయి. అందువల్ల అవి రేయింబవళ్ళు మన భూభాగాన్నే చూస్తూ ఉండగలవు. చీకటిలోనూ అవి చూడగలగడానికి కారణం పరారుణ కిరణాలు. మేఘం ఎంత ఎత్తు పెరిగితే దాని తల అంత చల్లగా ఉంటుంది. ఆ చల్లదనాన్ని కొలిచి మేఘపు ఎత్తును, ఎదుగుదలను లెక్కకట్టవచ్చు. అరగంట కిందట లేని చల్లని మచ్చ ఇప్పుడు కనిపించిందంటే అక్కడ ఉరుముల మబ్బు పుడుతున్నదని అర్థం. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం శాస్త్రజ్ఞులు ఇటువంటి సమాచారం ఆధారంగా పిడుగులను సుమారు రెండున్నర గంటల ముందే అంచనా వేసే విధానాన్ని రూపొందించినట్లు ఇస్రో 2025లో ప్రకటించింది.

మెరుపులను లెక్కించే పని కూడా అంతరిక్షం నుండే సాధ్యమైంది. ప్రపంచం మొత్తం మీద సెకనుకు వంద మెరుపులు మెరుస్తాయని పూర్వం ఒక అంచనా ఉండేది. ఉపగ్రహాలు లెక్కించి చూడగా అవి సుమారు నలభైనాలుగు అని తేలింది. సముద్రాలకంటె నేలమీద మెరుపులు దాదాపు పదిరెట్లు అధికమని కూడా వెల్లడయింది. 1997 నుండి 2015 వరకు పనిచేసిన ట్రిమ్ ఉపగ్రహం అందించిన సమాచారం ప్రకారం భూమిపై అత్యధికంగా మెరుపులు మెరిసే స్థలం దక్షిణ అమెరికా ఖండంలోని వెనిజులాలో ఉంది. కాటటుంబో నది మరకైబో సరస్సులో కలిసే ప్రాంతం అది. నదీముఖానికి, మెరుపుల మబ్బుకు గల చెలిమికి అది ప్రసిద్ధమైన ఉదాహరణ. చుట్టూ కొండలు, నడుమ వెచ్చని నీరు, రాత్రి వీచే గాలులు కలిసి అక్కడ ఎన్నో రాత్రులను దీపావళి చేస్తాయి.

గోదావరి డెల్టా చేరువలోని బంగాళాఖాతం కూడా శాస్త్రజ్ఞులకు అపురూప దృశ్యాన్ని చూపింది. 2015 సెప్టెంబర్‌లో డెన్మార్క్ వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్సన్ అంతరిక్ష కేంద్రపు గవాక్షం నుండి బంగాళాఖాతం మీది ఉరుముల మబ్బును చిత్రీకరించాడు. నూట అరవై సెకండ్ల ఆ చిత్రంలో మేఘశిఖరం నుండి 245 నీలిమెరుపులు కనిపించాయి. సుమారు 18 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ శిఖరం నుండి ఒక నీలి జ్వాల 40 కిలోమీటర్ల ఎత్తువరకు ఎగసింది. మెరుపు కిందికే కాక పైకి కూడా మెరుస్తుందని నేలమీద నిలిచినవారు చెబితే ఒకప్పుడు నమ్మినవారు తక్కువ. పై నుండి తీసిన ఆ చిత్రం సందేహానికి తావులేకుండా చేసింది.

అంతరిక్ష విజ్ఞానం సాధించిన ఈ విజయాలు గర్వించదగినవే. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ, 2025 జూన్‌లో శుభాంశు శుక్లా భారతీయుల కళ్ళతో ఆ దృశ్యాలను చూశారు. హైదరాబాదు నుండి వెళ్ళిన కుటుంబానికి చెందిన రాజా చారి 2021 నవంబర్ నుండి 2022 మే వరకు ఆ కేంద్రంలోనే గడిపాడు. అయితే పైనుండి చూసినప్పుడు దీపాల తోరణంలా కనిపించే మెరుపు కింద ఉన్నవారికి ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. ఎత్తు పెరిగినకొద్దీ దృశ్యం అందంగా ఉంటుంది. మనిషి మాత్రం కనిపించడు.

2025 జూన్ 12వ తేదీని ఇక్కడ స్మరించుకోవాలి. అది మృగశిర కార్తె. ఆదిలాబాద్ జిల్లాలో తొలకరి పనులు ముమ్మరంగా సాగుతున్న సమయం. ఆ రోజు గాదిగూడ మండలం పిప్రి గ్రామ శివారులో విత్తనాలు వేస్తున్నవారు వాన రావడంతో చేనులోని గుడిసెలో తలదాచుకున్నారు. పిడుగు ఆ గుడిసెపైనే పడింది. నలుగురు మరణించారు. అదేరోజు బేల మండలంలో మరో ఇద్దరు పిడుగుపాటుకు బలయ్యారు. ఒక్క జిల్లాలో, ఒక్క సాయంత్రం, ఆరు ప్రాణాలు. ఆ వేళ ఆ మేఘాన్ని ఇస్రో ఉపగ్రహాలు చూడకపోలేదు. ఆకాశంలో ఒకేచోట నిలిచి చూసే ఆ కన్ను రెప్ప వేయదు. చూచిన సంగతి చేనులోని గుడిసెదాకా చేరిందా అన్నదే ఆలోచించవలసిన విషయం.

ఇది ఒక్క ఆదిలాబాద్ దుఃఖం కాదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 2,887 మంది పిడుగుపాటుకు మరణించారు. ప్రకృతి వైపరీత్యాల వల్ల సంభవించే మరణాల్లో పిడుగు వాటా ఏటా అధికంగానే ఉంటుంది. ఈ మృతుల్లో అధికులు పల్లెప్రజలు – రైతులు, కూలీలు, పశువుల కాపరులు. పిడుగుకు పేదలపై పగ లేదు. బహిరంగ ప్రదేశంలో, ఎత్తైన వస్తువు దగ్గర ఉన్నవారిని అది తాకుతుంది. అటువంటి చోట పనిచేయక తప్పని బతుకు పేదవానిది. కనుక పిడుగు ప్రకృతి ధర్మమే అయినా, పిడుగు మరణం చాలావరకు సామాజిక సమస్య.

సందేశం సకాలంలో అందితే ఎంత మేలు జరుగుతుందో నదుల డెల్టాల చరిత్రే చెబుతుంది. 1977 నవంబర్ 19న కృష్ణా డెల్టాలోని దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సుమారు పదివేలమంది ప్రాణాలు కోల్పోయారు. 1996 నవంబర్ 6న గోదావరి డెల్టాలోని కోనసీమను తాకిన తుఫానులో వెయ్యిమందికి పైగా మరణించారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మహోగ్రంగా విశాఖపట్నాన్ని తాకినా, లక్షలాది ప్రజలను ముందుగానే తరలించడం వల్ల ప్రాణనష్టం పదుల సంఖ్యకు పరిమితమైంది. తుఫాను బలహీనపడలేదు. సందేశం బలపడింది. ఉపగ్రహం చూసింది, రాడార్ నిర్ధారించింది, అధికారి ఆదేశించాడు, ఊరిలో చాటింపు జరిగింది, తుఫాను రక్షిత భవనం తలుపు తెరుచుకుంది. ఈ గొలుసులో ఏ ఒక్క కొలికి తెగినా ఫలితం మరోలా ఉండేది.

గోదావరి వరద విషయమూ అంతే. 2022 జులైలో ఎగువన కురిసిన కుండపోత వానలకు భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. ప్రాణహిత, కడెం, మానేరు వంటి ఉపనదుల నీరు అక్కడికి చేరడానికి పట్టే వ్యవధిలో వేలాది ప్రజలను పునరావాస కేంద్రాలకు తరలించగలిగారు. తుఫాను రోజుల వ్యవధిని ఇస్తుంది. వరద గంటలను, రోజులను ఇస్తుంది. ఉరుముల మబ్బు మాత్రం ఒక పూటలో పుట్టి, పెరిగి, పిడుగు కురిపించి, మాయమవుతుంది. తుఫాను జిల్లాలను కప్పితే, ఇది రెండు మూడు మండలాలకు మించదు. కాబట్టి తుఫానుకోసం నిర్మించిన వ్యవస్థ పిడుగుకు సరిపోదు. పిడుగు వార్తకు అంతకంటె వేగమైన, అంతకంటె సన్నిహితమైన దూత కావాలి.

విజ్ఞానశాస్త్రానికి గల పరిమితులనూ నిజాయితీగా గుర్తించాలి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. వాటిలో ఏది ఏ చెట్టుపై పడుతుందో ముందుగా చెప్పగల యంత్రం ఏదీ లేదు. ఉపగ్రహం మేఘపు తలను చూస్తుంది కాని అడుగును చూడలేదు. అడుగును చూడగల రాడార్‌కు దూరం అడ్డు. హైదరాబాదుకు, ఆదిలాబాద్‌కు నడుమ నేరుగా సుమారు 250 కిలోమీటర్ల దూరం ఉంది. భూమి వంపు కారణంగా అంత దూరంలోని మేఘాల కిందిభాగం రాడార్ చూపుకు అందదు. కనుక ఉపగ్రహం, రాడార్, నేలమీద అమర్చిన మెరుపుల గ్రాహకాలు మూడూ కలిస్తేనే నమ్మదగిన హెచ్చరిక తయారవుతుంది. అది కూడా ‘ఈ ప్రాంతంలో, ఈ రెండు గంటల్లో’ అని మాత్రమే చెప్పగలదు. ప్రాణం కాపాడుకోవడానికి ఆ మాత్రం చాలు.

పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ‘దామిని’ అనే మొబైల్ యాప్‌ను ప్రజలకు అందించింది. తాము ఉన్నచోటికి చేరువలో మెరుపులు నమోదయితే అది హెచ్చరిస్తుంది. ఇటువంటి సాధనాలు ఉండగా వేరే ఏర్పాటు ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. సాధనం ఉండటం వేరు, అది చేతిలో ఉండటం వేరు. విత్తనం వేసే చేతికి ఫోను పట్టుకునే తీరిక ఉండదు. కొండల నడుమ గూడేలలో ఫోనుకు సంకేతాలు అందని చోట్లు ఉంటాయి. అన్నింటికంటె ముఖ్యం భాష. ఆదిలాబాద్, కుమురంభీం జిల్లాల అడవిపల్లెల్లో గోండి, కొలామి, లంబాడి, మరాఠీ భాషలు మాట్లాడే ప్రజలు ఉన్నారు. ఆపదవేళ మనిషికి తల్లిభాషలో విన్న మాటే వెంటనే తలకెక్కుతుంది. కాళిదాసు యక్షుడు కూడా తన ప్రియురాలికి అర్థమయ్యే ఆనవాళ్ళతోనే సందేశం పంపాడు. వినేవారికి అర్థం కాని సందేశం చేరినా చేరనట్లే.

అందువల్ల కొత్త సాధనాలతోపాటు పాత సాధనాలనూ వినియోగించాలి. ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం ఉంది. అది పిడుగుల కాలంలో గిరిజన భాషల్లో హెచ్చరికలు వినిపిస్తే ఎంతో ప్రయోజనం. గ్రామపంచాయతీ మైకు, గుడి మైకు, మసీదు మైకు, బడిగంట, చాటింపు డప్పు – ఇవన్నీ ఊరివారు నమ్మే గొంతులు. మండలానికి చేరిన హెచ్చరిక పది నిమిషాల్లో ఈ గొంతుల ద్వారా చేనుకు చేరాలి. అయితే హెచ్చరిక విన్నవాడు పోయేదెక్కడికి అన్న ప్రశ్న కూడా ఉంది. డెల్టాలో తుఫాను రక్షిత భవనాలు వెలిసినట్లే, ఊరికి దూరంగా చేలున్న చోట పిడుగు నిరోధక కడ్డీ అమర్చిన చిన్న పక్కా గదులు ఉండాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్దెనిమిదో శతాబ్దిలో రూపొందించిన ఆ కడ్డీ అంత ఖరీదైన వస్తువేమీ కాదు. పాఠశాలలకు, ధాన్యం కొనుగోలు కేంద్రాలకు మొదట దానిని అమర్చడం సముచితం.

కొనుగోలు కేంద్రాల ప్రస్తావన అకారణంగా రాలేదు. యాసంగి వరికోతల కాలమే ఈ మబ్బుల కాలం. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి జిల్లాల్లో ధాన్యం కల్లాల్లో ఆరబోసి ఉన్న వేళ సాయంత్రపు గాలివాన విరుచుకుపడితే ఆరునెలల శ్రమ నీటిపాలవుతుంది. జగిత్యాల మామిడి నేలరాలుతుంది. 2023 మార్చిలో కురిసిన వడగండ్లకు కరీంనగర్ సహా పలు జిల్లాల పంటలు దెబ్బతిని, ఎకరాకు 10,000 రూపాయల సాయాన్ని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. వడగండ్లను ఎవరూ ఆపలేరు. కాని రెండు గంటల ముందు వార్త అందితే కుప్పపై టార్పాలిన్ కప్పవచ్చు, కోసిన కాయను గంపకెత్తవచ్చు. అంతరిక్షంలోని ఉపగ్రహానికి, కల్లంలోని వడ్లగింజకు సంబంధం ఇదే.

హెచ్చరిక అందినా పని వదలి పోగలమా అన్నది రైతుకూలీ వైపు నుండి వచ్చే న్యాయమైన అభ్యంతరం. నేల పదును పోతే విత్తనం మొలవదు. పని ఆపితే కూలి తగ్గుతుంది. ఈ మాటను అజ్ఞానమని కొట్టిపారేయడం పట్నవాసుల అహంకారమే అవుతుంది. పిడుగు ప్రమాదం ఎక్కువగా మధ్యాహ్నం తరువాతనే కాబట్టి, హెచ్చరిక ఉన్న రోజున తెల్లవారుజామునే పని ప్రారంభించి పొద్దెక్కేసరికి ముగించవచ్చు. ఉపాధి పనుల్లో, చేలపనుల్లో అటువంటి రోజున ఆగిన గంటకు కూలి కోయకుండా చూడటం యజమానుల, ప్రభుత్వాల బాధ్యత. గంట కూలికి భయపడి నిండు ప్రాణం పోగొట్టుకునే పరిస్థితి ఏ సమాజానికీ గౌరవం కాదు.

పిడుగు పడితే విధి అనుకోవడం మరో అడ్డంకి. ఉరుము వినగానే అర్జునుని పది పేర్లు తలచుకోవడం తెలుగునాట తరతరాల ఆచారం. ఆ నామస్మరణ గుండెకు ధైర్యాన్నిస్తుంది. దాన్ని ఎగతాళి చేయవలసిన పనిలేదు. కాని చెట్టుకింద నిలిచి తలచుకోవడం కంటె, పక్కా ఇంటిలోకి చేరి తలచుకోవడం మేలు. అర్జునుడు కూడా కవచం ధరించే యుద్ధానికి వెళ్ళాడు. అలాగే పిడుగుపడినవారిని తాకితే తమకూ విద్యుత్ తగులుతుందన్న భయం నిరాధారం. వారి శరీరంలో విద్యుత్ నిలిచి ఉండదు. ఆగిన గుండెను, శ్వాసను తిరిగి నడిపించే ప్రథమచికిత్స వెంటనే అందితే కొందరు బతుకుతారు.

ప్రతి విద్యార్థీ తెలుసుకొని పదిమందికీ తెలుపవలసిన నియమాలు కొన్నే. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించేవరకు లెక్కపెట్టాలి. ముప్పై సెకండ్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగుల మబ్బు పది కిలోమీటర్ల లోపే ఉందని, ప్రమాదం చేరువైందని అర్థం. వెంటనే పక్కా భవనంలోకి గాని, అద్దాలు మూసిన కారు, బస్సు వంటి వాహనంలోకి గాని చేరాలి. ఒంటరి చెట్టు, మంచె, పూరిగుడిసె, విద్యుత్ స్తంభం, చెరువు నీరు వీటికి దూరంగా ఉండాలి. పశువులను చెట్టుకింద గుంపుగా నిలపరాదు. చివరి ఉరుము వినిపించిన తరువాత ముప్పై నిమిషాల వరకు బయటికి రాకూడదు. ఇవి ఖర్చులేని కవచాలు.

ఈ సందర్భంలో ఇంటర్మీడియట్ విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. నేటి పల్లెలో ఫోను తెరిచి ఉపగ్రహ చిత్రాన్ని చూడగలవాడు, దాని భావాన్ని తాతకు, నాయనమ్మకు వారి మాటలో చెప్పగలవాడు కళాశాల విద్యార్థే. భౌతికశాస్త్ర తరగతిలో విద్యుదావేశాన్ని చదివి, ఇంటికి వెళ్ళి మేకల కాపరి అయిన తండ్రికి చెట్టుకింద నిలవవద్దని చెప్పలేకపోతే ఆ చదువు మార్కుల జాబితాకే పరిమితమవుతుంది. గోండి, కొలామి ఇంటిభాషగా ఉన్న విద్యార్థి ఈ విషయంలో మరింత విలువైనవాడు. అంతరిక్షానికి, అడవిపల్లెకు నడుమ దుబాసీగా నిలువగలవాడు అతడే.

యక్షుని సందేశాన్ని మోసిన మేఘం దారిలో నదులను, నగరాలను, జానపదులను పలకరిస్తూ నెమ్మదిగా సాగింది. ఏ గ్రామాన్నీ అది చిన్నచూపు చూడలేదు. నేటి మేఘసందేశానికి కూడా ఆ గుణం అలవడాలి. 36,000 కిలోమీటర్ల ఎత్తు నుండి కనురెప్పపాటులో శాస్త్రజ్ఞుని బల్లమీదికి దిగివచ్చిన వార్త, అక్కడి నుండి చేనుగట్టుదాకా ఉన్న చివరి దూరాన్ని దాటలేక ఆగిపోకూడదు. ఉపగ్రహాన్ని నింగికి పంపినంత శ్రద్ధతో దాని మాటను నేలకు దింపినప్పుడే అంతరిక్ష విజ్ఞానం ప్రజల విజ్ఞానమవుతుంది. మృగశిర మబ్బు కమ్మినప్పుడు పెన్‌గంగ ఒడ్డున విత్తనం చల్లే తల్లి దానిని భయంతో కాక, ఎప్పుడు ఇంటికి చేరాలో తెలిసిన నిబ్బరంతో చూడగలగాలి. వాన వెలిసిన తరువాత ఆమె మళ్ళీ ఆ చేనులోకి అడుగుపెట్టిననాడు సందేశం చేరినట్లు.